తిరిగొచ్చే దావ చూపించేదే కొనండి

మా బావమరిది పోయిన వారం ఫోన్ చేశాడు. "బావా, కొత్త బండి వచ్చేసింది. ఇంక ఆదివారాలు కొండల పక్కకే. జీపీఎస్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా. ఏది కరెక్టుగా చూపిస్తుంది?" అని అడిగాడు. అరగంట సేపు మాట్లాడాను. పెట్టేశాక మనసు ఊరుకోలేదు. వాడు అడిగినదానికే జవాబు చెబుతూ మూడు మీటర్ల తేడా, ఐదు మీటర్ల తేడా అంటూ కూర్చున్నాను. ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకోటి అడుగు అని చెప్పి ఉండాల్సింది. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. వాడికే కాదు, తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల డొంకల్లో, వంకల్లో, కొండ అంచుల్లో బైకు మీదో నడిచో తిరిగే అందరికీ.

నా మాట ఒక్కటే. మన ప్రాంతానికి జీపీఎస్ గానీ మ్యాప్ యాప్ గానీ ఎంచుకునేటప్పుడు, అది నన్ను అక్కడికి ఎలా తీసుకెళ్తుంది అని చూడొద్దు. చీకటి పడి, వాన తడిపి, సిగ్నల్ పోయిన తర్వాత, నేను వచ్చిన దావనే మళ్ళీ ఇంటికి చూపిస్తుందా అని చూడండి. నేను ఇది నేర్చుకున్నది ఒక క్వారీ గుంట అంచున.

మూడేళ్ళ కిందట అక్టోబరులో ముగ్గురం రెండు బండ్ల మీద పలమనేరు దాటి కుప్పం వైపు పోయాం. రోడ్డు వదిలి అడ్డదోవలో ఒక చెరువు చేరుకోవాలని. నా ఫోన్‌లోని యాప్ సన్నటి గీత చూపిస్తోంది. ఆ గీత పట్టుకుని మల్బరీ తోటల మధ్య నుంచి, సీతాఫలం చెట్ల పక్క నుంచి బండిబాట మీద పోతున్నాం. ఎక్కడా అనుమానం రాలేదు. బాట మీద గడ్డి పెరిగింది, అంతే. ఒక చిన్న మిట్ట ఎక్కగానే ముందు పోతున్న స్నేహితుడు గట్టిగా బ్రేకు వేశాడు. ముందు నేల లేదు. రెండు తాటిచెట్ల లోతు గ్రానైటు గుంట, అడుగున పచ్చటి నీళ్ళు. కోసిన రాతి గోడ మీద డ్రిల్లు వేసిన గాళ్ళు దువ్వెన పళ్ళలాగా వరసగా కనబడుతున్నాయి. నా ఫోన్‌లో మాత్రం గీత ఆ గుంట మీదుగా తిన్నగా అవతలికి పోతోంది.

ఆ గీత గీసినప్పుడు అక్కడ బాట ఉండే ఉంటుంది. తర్వాత క్వారీ వచ్చి దాన్ని మింగేసింది. మ్యాపు ఎంత మంచిదైనా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో చూసినది. మన వైపు ఒక్క వాన చాలు, వంక దారి మార్చుకుంటుంది.

వెనక్కి తిరిగేసరికి వాన మొదలైంది. ఇక్కడే అసలు కష్టం. వచ్చేటప్పుడు ఎన్ని చోట్ల బాట చీలిందో మేము గమనించనేలేదు. గీత ముందుకు చూపిస్తుంటే పక్కకు ఎందుకు చూస్తాం? చొక్కా జేబులోంచి ఫోన్ తీశాను. తెర మీద నీళ్ళు, వేళ్ళ మీద నీళ్ళు. ఎడమకు జరిపితే పెద్దదవుతోంది, పెద్దది చేస్తే ఇంకేదో తెరుచుకుంటోంది. తుడుచుకుందామంటే పొడి గుడ్డ లేదు. బ్యాటరీ 9 శాతం చూపించి, కాసేపటికి ఆరిపోయింది. కౌండిన్య అభయారణ్యం ఆ పక్కనే. చీకటి పడితే ఏనుగులు చేలల్లోకి దిగే చోటు. మా ముగ్గురిలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు గానీ అందరి మనసులో అదే టెన్షన్.

మూడో స్నేహితుడి దగ్గర పాత గార్మిన్ ఈట్రెక్స్ ఉంది. అరచేతిలో పట్టేంత, బటన్లతో పనిచేసేది. తెర చిన్నది, అందులో మా ఊళ్ళ మ్యాపు కూడా సరిగా లేదు. కానీ పొద్దున బండి స్టార్ట్ చేసినప్పుడు ఆన్ చేసి సంచిలో పడేశాడు. పొద్దుటి నుంచీ మేము వచ్చిన దావంతా అందులో ఒక గీతగా పడి ఉంది. ఆ గీత మీద చిన్న బాణం గుర్తు, అదే మేము. దాన్ని పట్టుకుని నెమ్మదిగా కదిలాం. రెండో చీలిక దగ్గర ముగ్గురం ఒకేసారి ఎడమకు అన్నాం. ముగ్గురికీ గట్టి నమ్మకం. పరికరం కుడికి అంది. కుడికే పోయాం. గంట తర్వాత పశువుల కొట్టం దగ్గర బల్బు వెలుగు కనబడింది. మర్నాడు ఇంట్లో కూర్చుని శాటిలైట్ ఫోటోలో చూస్తే, మేము ఎడమకు పోయి ఉంటే అదే క్వారీకి రెండో పక్కన తేలేవాళ్ళం.

అప్పటి నుంచి ఏ యాప్ చూసినా, ఏ పరికరం చూసినా ముందు రెండే చూస్తాను. నడిచిన దావను తనంతట తాను ఆగకుండా రాసుకుంటుందా? ఆ దావను వెనక్కి పట్టుకుని రావడం తడి చేతులతో, చీకట్లో వీలవుతుందా? మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు యాప్‌ల సంగతి. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఫోన్‌లోని జీపీఎస్ వినేదే గానీ మాట్లాడేది కాదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల మాట వింటుంది, నాలుగు వినబడితే మనమెక్కడున్నామో లెక్క కడుతుంది. సిమ్ లేకపోయినా, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా దాని పని ఆగదు. టవరు పోయినప్పుడు పోయేది మ్యాపు బొమ్మ. అందుకే ముందే దించి పెట్టుకోవాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. నెట్ ఉంటే ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ఫోన్‌కు ముందే తెలిసిపోతుంది. లేకపోతే ఆ వివరాలు ఉపగ్రహం నుంచే వినాలి. అది సెకనుకు 50 బిట్ల చొప్పున పంపిస్తుంది. ఒక్కో ఉపగ్రహం తన దారి వివరాలు 30 సెకన్లకోసారి చెబుతుంది, మొత్తం ఉపగ్రహాల పట్టిక పూర్తిగా రావాలంటే పన్నెండున్నర నిమిషాలు. చాలా రోజులు వాడని పరికరాన్ని కొండ కింద ఆన్ చేసి, రెండు నిమిషాల్లో ఇది పనికిరాదు అని తేల్చేయకండి. టిఫిన్ తినేటప్పుడే ఆరుబయట బండి సీటు మీద పెట్టి ఆన్ చేస్తే, ఇడ్లీ అయ్యేలోపు అది సిద్ధంగా ఉంటుంది.

గూగుల్ మ్యాప్స్‌లో ఒక ప్రాంతాన్ని దించుకోవచ్చు. కానీ నెట్ లేనప్పుడు కార్లకు దారి చెబుతుందే గానీ నడకకు చెప్పదు. రోడ్డు మీదికి వచ్చాక అది చాలా బాగా పనికొస్తుంది, దాన్ని అక్కడికే ఉంచండి. మట్టి దారుల కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద, అంటే ఎవరైనా చేర్పులు చేయగల ఉచిత మ్యాపు మీద, నడిచే యాప్‌లు రెండు చెబుతాను. ఆర్గానిక్ మ్యాప్స్ తేలికైనది, ప్రకటనలు లేవు, పాత ఫోన్‌లో కూడా చకచకా కదులుతుంది, నడిచిన దావను రాసుకుంటుంది. మొదటిసారి వాడేవాళ్ళకు నేను ఇచ్చేది ఇదే. రెండోది ఓఎస్‌ఎమ్ ఆండ్. దాని మెనూలు మొదట్లో తికమక పెడతాయి, వారం రోజులు ఇంట్లో వాడితే గానీ చేతికి రాదు. కానీ కొండ ఎత్తుల గీతలు, నీడలతో తీర్చిన కొండ ఆకారం, దావ రాసే పద్ధతిలో మనకు నచ్చినట్టు మార్పులు, అన్నీ అందులో ఉన్నాయి. ప్లే స్టోర్‌లోని ఉచిత వెర్షన్‌లో ఏడు మ్యాపుల దాకా దించుకోవచ్చు.

ఏడంటే ఎక్కువే అనిపిస్తుంది. మన జిల్లాల సంగతి వేరు. ఈ మ్యాపులు రాష్ట్రాలవారీగా ఉంటాయి. కుప్పం చుట్టూ తిరిగేవాడికి ఆంధ్ర ఒక్కటే చాలదు, కర్ణాటక, తమిళనాడు కూడా కావాలి. నగరి, నాగలాపురం వైపు పోయేవాడికి తమిళనాడు తప్పనిసరి. కొండకు రాష్ట్రం హద్దు తెలియదు, ఒక వాలు మనది, ఇంకో వాలు వాళ్ళది. దించుకోకపోతే హద్దు దాటగానే తెర తెల్లగా అయిపోతుంది. బయల్దేరే ముందు రోజు రాత్రి ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పోయే చోటుకంతా మ్యాపును పెద్దది చేసి ఒకసారి వేలితో తిరిగి రండి. ఎక్కడ తెల్లబోతే అక్కడ దించండి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి, తెర ఆరగానే వెనక నడుస్తున్న యాప్‌ను ఆపేస్తాయి. మనకు చెప్పవు. సాయంత్రం చూస్తే దావ సగం దాకా వంకర్లు తిరుగుతూ వచ్చి, అక్కడి నుంచి చివరి దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత ఉంటుంది. ఆ తిన్నటి గీత చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నమ్ముకున్నది మధ్యలో నిద్రపోయిందని దాని అర్థం. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ విషయంలో ఆంక్షలు లేకుండా చేయండి. చేసి ఊరుకోకండి, ఫోన్ జేబులో పెట్టుకుని మీ వీధి చుట్టూ గంట సేపు తిరిగి వచ్చి చూడండి. ఆ పరీక్షలో తప్పిన ఫోన్‌ను, ఖరీదు ఎంతైనా సరే, నేను కొండకు తీసుకెళ్ళను.

ఇప్పుడు ఖచ్చితత్వం మాట. బావమరిది అడిగింది ఇదే కదా. దీనికి నా జవాబు తుంబురు కోనలో దొరికింది. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది, ఆ సమయంలో భక్తులను పాపవినాశనం వైపు నుంచి అడవిలోకి అనుమతిస్తారు. అలా ఒక ఏడాది పోయాను. కొండను ఎవరో నిలువునా చీల్చినట్టు రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో నీళ్ళు, పైన చీర అంచంత ఆకాశం. ఒక బండ మీద కూర్చుని పులిహోర తిన్నాం. ముప్పావు గంట కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే, ఆ ముప్పావు గంటలో నా ఫోన్ గోడల్లోంచి దూరి అటూ ఇటూ పరుగులు తీసి, చిక్కుపడిన దారపు ఉండ లాగా ఒక బొమ్మ గీసి ఉంది.

కారణం ఆ గోడలే. ఉపగ్రహం సంకేతం నేరుగా రాకుండా రాతికి తగిలి, తిరిగి మన ఫోన్‌ను చేరుతుంది. తగిలి రావడంలో ఆలస్యం అవుతుంది. సెకనులో కోటో వంతు, అంటే 100 నానోసెకన్లు ఆలస్యమైనా దూరం లెక్క 30 మీటర్లు తప్పుతుంది. దీనికి కొంత మందు ఉంది. పాత ఫోన్లు ఎల్1 అనే ఒక్క తరంగం మీదే వింటాయి. కొత్త వాటిలో చాలా ఫోన్లు ఎల్5 అనే ఇంకో తరంగం కూడా వింటాయి. ఉపగ్రహం సంకేతం ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఎల్1 మీద వచ్చే ఒక్కో ముక్క గాలిలో దాదాపు 293 మీటర్ల పొడవు, ఎల్5లో దాదాపు 29 మీటర్లే. ముక్క చిన్నదైన కొద్దీ నేరుగా వచ్చిందేదో, గోడకు తగిలి వచ్చిందేదో విడదీయడం సులువు. కాబట్టి కొత్త ఫోన్ కొంటుంటే ఎల్1, ఎల్5 రెండూ ఉన్నాయా అని తప్పక అడగండి. జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ ఏ ఉపగ్రహాన్ని ఏ తరంగం మీద వింటోందో చూపిస్తుంది.

ఈ ఎల్5 మాట వచ్చినప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంటుంది. జీపీఎస్ లాంటి పనికే మన దేశం పంపిన నావిక్ ఉపగ్రహాలు మొదటి నుంచీ ఎల్5 మీద ప్రసారం చేస్తున్నాయి. 2013 జూలై 1న మొదటిది ఎగిరింది శ్రీహరికోట నుంచి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01 అనే నావిక్ ఉపగ్రహం నుంచి ఎల్1 కూడా చేర్చారు. అయినా డబ్బా మీద నావిక్ అని రాసి ఉందని మాత్రమే ఫోన్ కొనమని నేను చెప్పను. ఎల్5 వినే ఫోన్లు మామూలుగా పలు దేశాల ఉపగ్రహాలను కలిపే వింటాయి, లాభం ఆ కలయికలో ఉంది.

అయితే తుంబురు కోనలో ఎంత మంచి పరికరం పెట్టినా, ఆకాశమే కనబడనప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది? పైగా ఆ కోనలో తప్పిపోవడానికి చోటేదీ? రెండు గోడల మధ్య నీళ్ళు ఎటు పోతే మనమూ అటే. తప్పిపోయేది కోన దాటి పైకి వచ్చాక, నాలుగు బాటలు కలిసే తెరిపి నేల మీద. అక్కడ ఆకాశం నిండుగా ఉంటుంది, పదేళ్ళ నాటి పరికరం కూడా బాగానే చూపిస్తుంది. మీటర్ల తేడా కోసం వేలు పోయొద్దు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. నన్ను క్వారీ నుంచి ఇంటికి చేర్చిన ఈట్రెక్స్‌కు ఎల్5 లేదు.

మరి విడిగా పరికరం కొనాలా? మా స్నేహితుల్లో ఒకాయన, మంచి ఫోన్, మంచి పవర్ బ్యాంకు ఉంటే చాలు, మిగతాది డబ్బు దండగ అంటాడు. ఆయన మాటలో చాలా వరకు నిజం ఉంది. ఏడాదికి రెండు మూడు సార్లు పోయేవాళ్ళు కొననక్కర్లేదు. వాళ్ళకు నా సలహా, డ్రాయరులో పడేసిన పాత ఫోన్ బయటికి తీయండి. సిమ్ వద్దు. వాట్సాప్ తీసేయండి. మ్యాపులు దించి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, దావ రాయడానికే దాన్ని అంకితం చేయండి. ఫోటోలు, పాటలు, ఫోన్లు మాట్లాడడం అన్నీ కొత్త ఫోన్‌లో. బ్యాటరీ తినేసేవి ఇవే కాబట్టి, పాతది సాయంత్రం దాకా నిలబడుతుంది.

నెలకోసారి పోయేవాళ్ళు, బైకు మీద పోయేవాళ్ళు మాత్రం బటన్ల పరికరం కొనుక్కోవాలి. మే నెల ఎండలో హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ సెగకు తెర మసకబారి, చివరికి తానే ఆగిపోతుంది. ఇంజన్ అదురుకు ఐఫోన్ కెమెరా లోపలి భాగాలు దెబ్బతినవచ్చని యాపిల్ 2021లో తానే హెచ్చరించింది. ఈట్రెక్స్ లాంటివాటికి ఈ బాధలు తక్కువ. ఎండ ఎంత ఉంటే తెర అంత బాగా కనబడుతుంది. వాటిలో ఎక్కువ భాగం గోడ గడియారంలో వేసే సెల్లు రెండింటితో నడుస్తాయి. ఈట్రెక్స్ 22ఎక్స్‌కు కంపెనీ చెప్పేది 25 గంటలు, ఈట్రెక్స్ ఎస్‌ఈకి 168 గంటలు. ఏ పల్లెలో చిల్లర కొట్టుకు పోయినా ఆ సెల్లు దొరుకుతాయి, అయితే మామూలువి త్వరగా దిగిపోతాయి, ఆల్కలైన్‌వి వేసుకోండి. ఈట్రెక్స్ ఎస్‌ఈలో మ్యాపు బొమ్మ ఉండదు, దావ గీత మాత్రమే ఉంటుంది. పక్కన మ్యాపున్న ఫోన్ ఉంటే అదే చాలు.

కొనేటప్పుడు ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. విదేశాల్లో ఉన్న చుట్టాలు ప్రేమతో ఇన్‌రీచ్ పంపిస్తామంటారు. ఆపదలో ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం అది. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటిది దగ్గర ఉంచుకోవడం నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీయులను విమానాశ్రయాల్లో పట్టుకున్నారు. గార్మిన్‌లో పేరు చివర ఐ అక్షరం ఉన్నవి, అంటే 66ఐ, 67ఐ, 700ఐ లాంటివి, ఇన్‌రీచ్ లోపల ఉన్నవి. అవి వద్దు. కేవలం వినే పరికరాలు ఈ రకం కావు.

ఆపదలో 112కు ఫోన్ కలిస్తే చెప్పాల్సింది మీరున్న చోటి అంకెలు. ఆ అంకెలు చదవడం ఇంట్లోనే నేర్చుకోండి. తిరుమల దాదాపు 13 డిగ్రీల 41 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దాన్ని కొందరు 13.41 అని కొట్టేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అది 13.68 అవ్వాలి. డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. ఆ ఒక్క పొరపాటుతో మిమ్మల్ని వెతికేవాళ్ళు 30 కిలోమీటర్లు దక్షిణాన వెతుకుతారు.

పేర్ల గురించి కూడా చెప్పాలి, ఇది నా గుండెకు దగ్గరి విషయం. నారాయణవనం దాటి ఒక డొంకలో పోతుంటే మేకలు తోలుకొస్తున్న అవ్వ ఒకామె ఆపింది. "యాడికి నాయినా? ఆ పక్క దావ లేదు. మొన్నటి వానకు వంక కోసేసింది." నా చేతిలోని తెర మీద దావ ఉంది. అవ్వ చెప్పిందే నిజమైంది. "ఈ వంకను ఏమంటారు అవ్వా?" అని అడిగితే, "చింతమాను వంక అంటాం మేము" అంది. మ్యాపులో దానికి పేరే లేదు. మనకు ప్రతి మలుపుకూ ఒక పేరుంది, కోన, గుండం, చెలమ, కనుమ, మిట్ట. మ్యాపుల్లో చాలా వరకు ఖాళీ. ఉబ్బలమడుగు అని పల్లెలో అడిగితే చిన్నపిల్లాడు కూడా చెయ్యి చూపిస్తాడు. బయటివాళ్ళు మాత్రం తడ ఫాల్స్ అంటారు. దావ రాసుకునేటప్పుడు ఆగిన చోటల్లా ఆ ఊరివాళ్ళు పిలిచే పేరుతో గుర్తు పెట్టుకోండి. మిమ్మల్ని వెతకడానికి వచ్చేది వాళ్ళే.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ పేర్లు తెలుగులో ఎవరైనా చేర్చవచ్చు. నేను చెరువులు, డొంకలు, వంకలు, రచ్చబండలు చేరుస్తుంటాను. కానీ శేషాచలం అడవి లోపలి కాలిబాటలు మాత్రం చేర్చను, ఎవరినీ చేర్చనివ్వను కూడా. 1989లో జాతీయ పార్కు, 2010లో జీవావరణ రిజర్వు అయిన అడవి అది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లోనూ, వీటి చుట్టుపక్కలా మాత్రమే. మనం సరదాగా పెట్టిన గీత గొడ్డలి పట్టుకున్నవాడికి దావ అవుతుంది. అనుమతి లేకుండా లోపలికి పోవడం ఎలాగూ తప్పే. అనుమతితో పోయిన దావనైనా మన పరికరంలోనే ఉంచుకోవాలి.

బావమరిది ఈ ఆదివారం వస్తున్నాడు. కుప్పం వైపే పోదామంటున్నాడు. వాడి పాత ఫోన్ తెమ్మన్నాను, మూడు రాష్ట్రాల మ్యాపులు దించి పెడతాను, శనివారం సాయంత్రం వీధి చుట్టూ గంట తిప్పుతాను. ఆ క్వారీ గుంటను పోయిన నెల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీశాను. నిన్న కొత్త మ్యాపు దించి చూశాను, మల్బరీ తోటల అవతల, మిట్ట దిగువన, గుంట ఆకారం కనబడుతోంది.